అమ్మ కుట్టిన టెడ్డీకి ధర ఎంత? ఏడో తరగతి లాభనష్టాల పాఠం



లాభనష్టాల పాఠం మీకూ గుర్తుండే ఉంటుంది. కొన్న వెల, అమ్మిన వెల, లాభశాతం. పుస్తకంలో లెక్కలన్నీ ఒకే తీరు: ఒక వ్యాపారి ఒక వస్తువును ఇంతకు కొని అంతకు అమ్మాడు. పిల్లలు సూత్రం పట్టుకుని జవాబు తెచ్చేస్తారు. ఆ వస్తువును ఎవరు చేశారు, ఎంతసేపు చేశారు అన్న మాట మాత్రం అక్కడ రాదు. అందుకే ఈ టర్మ్‌లో ప్రాజెక్ట్‌గా చేత్తో కుట్టిన టెడ్డీబేర్‌ను తీసుకున్నాం. ఒక బొమ్మ కుట్టాలి, ఖర్చు రాయాలి, అమ్మకం ధర నిర్ణయించాలి, ఆ ధర ఎందుకో ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు చెప్పాలి. కత్తిరించడం, దూది కూరడం, ముఖం కుట్టడం పిల్లల పని. మిషను కుట్టు పెద్దవాళ్ల పని. ముందే అలా పంచి పంపాం.

బొమ్మలు నిజంగా బాగా వచ్చాయి. లెక్కల షీట్లు దిద్దుతున్నప్పుడు మాత్రం ఒక విషయం కనిపించింది. ఖర్చుల కాలమ్‌లో వెల్వెట్ బట్ట ఉంది, దూది ఉంది, దారం, గుండీలు, ఆఖరికి ప్రొద్దుటూరు పోయి వచ్చిన బస్సు చార్జీ కూడా ఉంది. రాత్రిళ్లు కూర్చుని కుట్టిన అమ్మ పని, జేజి పని చాలా షీట్లలో లేదు. ఎందుకు రాయలేదని అడిగితే ఒక అబ్బాయి, "అమ్మకు డబ్బులియ్యలేదు కదా మేడం, అది ఖర్చెట్లవుతుంది?" అన్నాడు. వాడు ఊరికే అనలేదు, ఆలోచించే అన్నాడు. ఈ నెల ఈ పేజీలో ఆ ప్రశ్నకే జవాబు వెతుకుదాం. దానికి ముందు టెడ్డీ కథ కొంచెం తెలియాలి.

కార్టూన్‌లో పుట్టిన ఎలుగుబంటి

1902 నవంబర్‌లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ రాష్ట్రానికి ఎలుగుబంట్ల వేటకు వెళ్లాడు. ఆయనకు ఒక్కటీ దొరకలేదు. దారి చూపే హోల్ట్ కోలియర్ ఒక ఎలుగును పట్టి చెట్టుకు కట్టేసి, కాల్చమని పిలిచాడు. కట్టేసిన జంతువును కాల్చడం వేట కాదని రూజ్‌వెల్ట్ ఒప్పుకోలేదు. నవంబర్ 16న వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో క్లిఫర్డ్ బెర్రీమన్ ఆ సంఘటన మీద కార్టూన్ వేశాడు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడిపే మోరిస్ మిచ్‌టమ్, రోజ్ దంపతులు ఆ కార్టూన్ చూసి గుడ్డ ఎలుగుబంటి కుట్టి కిటికీలో పెట్టారు. రూజ్‌వెల్ట్ ముద్దుపేరు టెడ్డీ. బొమ్మకూ అదే పేరు నిలిచింది. (పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు చివరి ముక్క ఎవరూ చెప్పరు. అప్పటికే బాగా గాయపడిన ఆ ఎలుగుకు బాధ తప్పించడానికి దాన్ని చంపేయమని రూజ్‌వెల్టే చెప్పాడు. ఏడో తరగతి పిల్లలకు ఇది చెప్పొచ్చనే నా అభిప్రాయం. చెప్పాను కూడా.)

నాకు ఎక్కువ నచ్చేది రెండో కథ. అది జర్మనీలోని గీంగెన్ అనే చిన్న ఊరిది. మార్గరెటె ష్టైఫ్ 1847లో పుట్టింది. పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి, కుడిచెయ్యి కూడా సరిగా పనిచేసేది కాదు. చక్రాల కుర్చీలోనే ఉండి కుట్టుపని నేర్చుకుంది. ఊళ్లోనే ఫెల్ట్ బట్ట తయారయ్యే మిల్లు ఉండేది. ఆ బట్టతో బట్టలు, ఇంటి సామాన్లు కుట్టి అమ్మేది. ఒక పత్రికలో వచ్చిన నమూనా చూసి గుండుసూదులు గుచ్చుకునేందుకు చిన్న ఏనుగు కుట్టింది. పెద్దవాళ్ల కోసం చేసిన ఆ ఏనుగును పిల్లలు పట్టుకెళ్లి ఆడుకోవడం మొదలుపెట్టారు. ష్టైఫ్ కంపెనీ తాను పుట్టిన సంవత్సరంగా చెప్పుకునే 1880 ఆ ఏనుగు కాలమే. తర్వాత ఆమె అన్నదమ్ముల పిల్లల్లో ఒకడైన రిచర్డ్ 1902లో చేతులూ కాళ్లూ కదిలే ఎలుగుబంటిని రూపొందించాడు. 1903 లైప్‌జిగ్ సంతలో ఒక అమెరికా వ్యాపారి 3,000 బొమ్మలకు ఆర్డర్ ఇచ్చాడు. 1904 నుంచి ప్రతి బొమ్మ చెవికీ లోహపు గుండీ పెట్టారు, ఎవరో నకలు చేసి అమ్మితే తెలిసిపోవాలని.

ఆ పాత బొమ్మల్లో ఒకటి, 1904 నాటిది, 1994లో లండన్‌లోని క్రిస్టీస్ వేలంలో 1,10,000 పౌండ్లకు పోయింది. బట్ట, కట్టెపొట్టు, దారం మాత్రమే ఉన్న బొమ్మ అది. అంత ధర ఎందుకు పలికిందో పిల్లలను అడిగితే "పాతది కాబట్టి" అన్నారు. మన ఇళ్లలో పాతవి చాలా ఉన్నాయి, వాటికి అంత రాదు కదా అంటే చర్చ అరగంట సాగింది.

ఆడుకునే బొమ్మ, దాచుకునే బొమ్మ

1970లు, 80లలో పాశ్చాత్య దేశాల్లో కొందరు ఇంట్లోనే కూర్చుని, ఫ్యాక్టరీ నమూనా వాడకుండా, తమ సొంత డిజైన్‌తో ఎలుగుబంట్లు కుట్టి అమ్మడం మొదలుపెట్టారు. వాటినే ఆర్టిస్ట్ బేర్స్ అంటారు. ఒకే మనిషి గీస్తారు, కత్తిరిస్తారు, కుడతారు, ముఖం పెడతారు, చివర్లో సంతకంతో పట్టీ కుడతారు. కొన్నిటిని ఐదో పదో మాత్రమే చేస్తారు, కొన్నిటిని ఒక్కటే చేసి ఆ ప్యాటర్న్‌ను మళ్లీ వాడరు. వాటిలో వాడే మోహేర్ బట్ట అంగోరా మేక వెంట్రుకలతో నేసింది (మన ఊరి మేకలు ఆ పనికి రావు, పిల్లలు అడిగారు కాబట్టి రాస్తున్నాను). కళ్లు గాజువి. ఒక్కో బొమ్మ వందల డాలర్లకు అమ్ముడవుతుంది. కొనేది పిల్లలు కాదు, పెద్దవాళ్లు. బొమ్మ అద్దాల బీరువాలో ఉంటుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. కొండపల్లి దశావతారాల సెట్టును పిల్లలు నేలమీద దొర్లించి ఆడుకోరు. అది బొమ్మల కొలువులో కూర్చుంటుంది. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండితో రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికి రంగు వేసే ఆ పని ఇప్పటికీ చేత్తోనే నడుస్తోంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి, లక్కకు ఆకులు, గింజలు, వేళ్ల రంగులు కలిపి పూస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ సహజ రంగుల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే.

మనకు ఇంకా దగ్గర ఉదాహరణ ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంట. తోలుబొమ్మలాట చూసేవాళ్లు తగ్గిపోయాక అక్కడి కుటుంబాలు అదే తోలు మీద, అదే రంగులతో దీపాలకు తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేయడం మొదలుపెట్టాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. చేతి పని అదే, కొనేవాళ్లు మారారు. ఆర్టిస్ట్ బేర్‌లో జరిగిందీ ఇంచుమించు ఇదే.

కుట్టే తీరు

ఇక పని సంగతి. అడుగు ఎత్తు బొమ్మకు మేం ఇచ్చిన ప్యాటర్న్‌లో 21 ముక్కలు ఉన్నాయి. తలకు పక్క ముక్కలు 2, ముక్కు నుంచి మెడ వెనకదాకా పోయే మధ్య పట్టీ 1, చెవులు 4, ఒళ్లు 2, చేతులు 4, కాళ్లు 4, అరచేతులు 2, అరికాళ్లు 2. ఆ మధ్య పట్టీని కొంచెం గమనించండి. రెండు పక్క ముక్కలనే కలిపి కుడితే తల చేపలాగా బల్లపరుపుగా వస్తుంది. మధ్యలో పట్టీ పెడితేనే నుదురు, బుగ్గలు వస్తాయి. రెండు కొలతల కాగితం మూడు కొలతల వస్తువు ఎలా అవుతుందో బోర్డు మీద ఎంత గీసినా అర్థం కానివాళ్లకు ఇది చేతిలో పట్టుకోగానే అర్థమైంది.

బొచ్చు బట్టకు ఒక వాలు ఉంటుంది. చెయ్యి పెట్టి నిమిరితే ఒకవైపు మెత్తగా, రెండోవైపు గరుకుగా తగులుతుంది. ప్రతి ముక్కలోనూ బొచ్చు కిందికి వాలేలా గీయాలి. ఒక చేతిలో పైకి, ఒక చేతిలో కిందికి ఉంటే రంగు కూడా తేడాగా కనిపిస్తుంది. బట్ట వెనకవైపు గీసుకుని, కత్తెర మొనతో వెనక నేతను మాత్రమే కత్తిరించాలి, బొచ్చును కాదు. కుడి ఎడమ ముక్కలు అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. ఒకే ప్యాటర్న్‌ను తిప్పకుండా రెండుసార్లు గీస్తే రెండూ ఎడమ చేతులే వస్తాయి. మన పిల్లల్లో రెండు ఎడమ చేతుల ఎలుగుబంట్లు కొన్ని వచ్చాయి. సౌష్ఠవం పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకదు.

మంచివైపులు లోపలికి పెట్టి, అంచు పావు అంగుళం వదిలి కుట్టాలి. వీపు దగ్గర కొంత కుట్టకుండా వదిలేస్తే అక్కడి నుంచి తిరగేయొచ్చు. దూది ముక్కు కొన నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా గట్టిగా కూరాలి. బూరుగు దూది అయినా సరే, రెక్రాన్ అయినా సరే. ముక్కు వదులుగా ఉంటే తర్వాత దారంతో కుట్టేటప్పుడు లోపలికి పోతుంది. చేతులూ కాళ్లూ కదలాలంటే ఆర్టిస్టులు లోపల గట్టి అట్ట బిళ్లలు, బోల్టు, నట్టు పెడతారు. మనం నాలుగు రంధ్రాల పెద్ద గుండీ, గట్టి దారంతో అదే పని చేశాం. చివర్లో వీపును నిచ్చెన కుట్టుతో మూసేయాలి, అంటే దారం ఇటు అంచు మడతలో ఒక కుట్టు, అటు అంచు మడతలో ఒక కుట్టు వేసుకుంటూ పోయి లాగితే కుట్టు బయటికి కనిపించదు. జాకెట్లు కుట్టే అమ్మలకు నేను చెప్పాల్సిన పని లేదు.

ముఖం దగ్గరే అసలు సమయం పోతుంది. కళ్లు కుట్టే ముందు రెండు నల్ల గుండుసూదులు గుచ్చి చూడండి. కళ్లను కిందికి, దూరంగా పెడితే పసిపాపలా కనిపిస్తుంది. పైకి, దగ్గరగా పెడితే ముసలాయనలా కనిపిస్తుంది. ఒక్క సెంటీమీటర్ జరిపితే మనిషి మారినట్టే మారిపోతుంది. ఒకమ్మాయి గోధుమరంగు వద్దని, నల్లటి బట్ట తీసుకుని, ఛాతీ మీద తెల్లటి వి గుర్తు, లేతరంగు మూతి, పొడుగు గోళ్లు కుట్టింది. అది మన నల్లమలలో తిరిగే ఎలుగు. క్లాసులో అందరూ కొంటామన్నది ఆ ఒక్క బొమ్మే. అచ్చం అలాంటిది ఏ షాపులోనూ ఉండదు కాబట్టి.

ఇప్పుడు లెక్క

ఒక ఉదాహరణ వేద్దాం. మీ ఇంటి రేట్లు వేరుగా ఉంటే అవి వేసుకోండి. బట్ట 120, దూది 60, గుండీలు దారం 40, ఫెల్ట్ ముక్క 20. మొత్తం సరుకు 240 రూపాయలు. షాపులో ఫ్యాక్టరీ టెడ్డీ 300కు దొరుకుతోంది అనుకుందాం. మన పిల్లలు కూడా 300 అనే రాశారు. 60 రూపాయల లాభం, 25 శాతం. షీటు మీద టిక్కు పడాల్సిన జవాబే.

ఇప్పుడు గంటలు చూడండి. గీసి కత్తిరించడానికి గంటన్నర, కుట్టడానికి 3 గంటలు, తిరగేసి కూరడానికి రెండున్నర, కీళ్లు, మూసే కుట్టు 2, ముఖానికి గంటన్నర, కుట్లలో చిక్కుకున్న బొచ్చును సూదితో లాగి దువ్వడానికి అరగంట. మొత్తం 11 గంటలు. మిగిలిన 60 రూపాయలను 11తో భాగిస్తే గంటకు 5 రూపాయల 45 పైసలు.

కూలి ఎంత వేయాలి? 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. 8 గంటలకు భాగిస్తే గంటకు 37.50. కుట్టుపని నేర్చినవాళ్లకు ఇది తక్కువే, అయినా దీన్నే తీసుకుందాం. 11 గంటలకు 412.50. సరుకుతో కలిపితే 652.50. ఈ బొమ్మను 300కు అమ్మితే లాభం 25 శాతం కాదు, నష్టం 54 శాతం. అదే బొమ్మ, అదే ధర. ఒక వరుస రాయడం, రాయకపోవడంలోనే తేడా అంతా ఉంది. సూదులు, కరెంటు, మిషను నూనె, పాడైన ముక్కలకు 10 శాతం కలిపితే 717.75 అవుతుంది. దాని మీద 15 శాతం లాభం వేసుకుంటే సుమారు 825.

"అమ్మకు డబ్బులియ్యలేదు కదా" అన్న అబ్బాయికి ఇలా చెప్పాను. ఆ 11 గంటల్లో అమ్మ బయటివాళ్లకు జాకెట్లు కుట్టి ఉంటే ఎన్ని అయ్యేవి? మీ వీధిలో కుట్టుకూలి ఎంతో కనుక్కుని గుణించు. ఆ డబ్బు మీ ఇంటికి రాలేదు కదా, బొమ్మకు అయిన ఖర్చులో అదీ ఒకటి. ఆర్థికశాస్త్రంలో దీన్ని అవకాశ వ్యయం అంటారు. ఇంటర్‌లో వస్తుంది, ఇప్పుడే తెలిస్తే నష్టమేమీ లేదు. "అమ్మ జాకెట్లు కుట్టదు, ఊరికే ఉంటుంది" అని ఇంకో అబ్బాయి అన్నాడు. ఆ మాటకు క్లాసులోని అమ్మాయిలే జవాబు చెప్పారు, నేను కల్పించుకోవాల్సి రాలేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో ఒకమ్మ నవ్వుతూ, "ఏం మేడం, ఎర్రగుంట్లలో ఎనిమిదొందలు పెట్టి గుడ్డ ఎలుగుబంటి ఎవురు కొంటారు?" అన్నారు. న్యాయమైన మాటే. షాపులోని టెడ్డీతో పోటీ పడితే ఎవరూ కొనరు. మిషన్ల మీద వేలల్లో తయారయ్యే బొమ్మతో చేతి కుట్టు ధరలో ఎప్పటికీ గెలవలేదు. 2020లో దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచినా, ఇంటి కుట్టుకు ఆ తేడా సరిపోదు.

షాపులో దొరకనిది చేస్తే మాత్రం సంగతి వేరు. విదేశాల్లో జ్ఞాపకాల టెడ్డీలు కుట్టించుకుంటారు. పాప మొదటి గౌను, చనిపోయిన తాత చొక్కా ఇస్తే వాటితోనే బొమ్మ కుట్టి ఇస్తారు. మనవాళ్లకు ఇది వింతగా అనిపించకూడదు. జేజి పాత చీరలతో బొంత కుట్టుకుని, ఆమె పోయాక కూడా ఆ బొంతే కప్పుకుని పడుకున్న ఇళ్లు మనవి. ఆ చీరతోనే బొమ్మ కుడితే బట్ట కొనేవాళ్లదే కాబట్టి సరుకు ఖర్చు తగ్గుతుంది. పక్క షాపు రేటు ఎవరూ అడగరు. ఒకటుంది, పాత చీర పలుచగా ఉంటుంది, వెనక అతుకుబట్ట వేయకపోతే కూరేటప్పుడు కుట్టు దగ్గర చిరుగుతుంది. ఒకసారి చిరిగితే వాళ్ల దగ్గర రెండో చీర ఉండదు. అందుకని ఎవరి బట్టయినా ముట్టుకునే ముందు అలాంటి పలుచటి బట్టతో ఒక బొమ్మ కుట్టి చూసుకోవాలి. ఆ గంటలు కూడా లెక్కలోకే వస్తాయి.

అమ్మాలనుకునే వారికి

ఇద్దరు ముగ్గురు తల్లులు నిజంగానే అమ్ముతామన్నారు కాబట్టి ఇది రాయాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. మెత్తటి బొమ్మలు కూడా అందులోకే వస్తాయి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తులవారు చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. నమోదైతే పహచాన్ కార్డు ఇస్తారు. కాబట్టి ముందు ఆ కార్డు సంగతి చూసుకోండి, ఆర్డర్లు తర్వాత. మన స్కూల్ ఎగ్జిబిషన్‌లో బొమ్మలకు ధర చీటీలు ఉంటాయి కానీ అమ్మకం ఉండదు. కారణం ఇదే.

చట్టం ఉన్నా లేకపోయినా కళ్ల విషయంలో జాగ్రత్త తప్పదు. గాజు కళ్లు, గుండీలు ఊడితే పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు, గొంతులో అడ్డుపడుతుంది. కొందరు ఆర్టిస్టులు బరువు కోసం బొమ్మ లోపల సన్నటి ఉక్కు గుండ్లు పోస్తారు. అవీ పిల్లల చేతికి ఇచ్చేవి కావు. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే కళ్లు, ముక్కు నల్ల దారంతోనే కుట్టండి. చేతులూ కాళ్లూ గుండీలతో కాకుండా నేరుగా ఒంటికే కుట్టేయండి. కుట్టయ్యాక ప్రతి చెవినీ, ప్రతి చేతినీ గట్టిగా లాగి చూడండి. ఊడేదైతే మీ చేతిలోనే ఊడాలి.

లెక్కల షీటు మళ్లీ ఇంటికి పంపుతున్నాం. ఈసారి అందులో మూడు కొత్త వరుసలున్నాయి: ఎవరు పనిచేశారు, ఎన్ని గంటలు, గంటకు ఎంత. గంటకు ఎంతో పిల్లలు ఆ పనిచేసిన మనిషినే అడిగి రాయాలి. "ఏదో ఒకటి రాసుకో" అనకుండా మీరే ఒక సంఖ్య చెప్పండి. సున్నా అని చెప్పదలిస్తే అదీ రాయొచ్చు, కానీ ఎందుకు సున్నానో ఒక వాక్యం ఉండాలి. రెండో బొమ్మ కుట్టే పిల్లలు కొత్త బట్ట కొనక్కర్లేదు, చిన్నబడిన స్వెటరో, పాత టర్కీ టవలో చాలు. కత్తెరలు పంపకండి, స్కూల్లో ఉన్నాయి.